కోలారుసీమలో మన పల్లె గౌనిపల్లి

గత ఉగాది సభలో జరిగిన ఒక చిన్న సంగతి చెప్పి ఈ వ్యాసము మొదలుపెట్టవలసి ఉన్నది. ఆనాడు కొత్త సభ్యులను చేర్చుకొనే బల్ల దగ్గర మేమే కూర్చున్నాము. సభ్యత్వ పత్రములో పేరు, ఉద్యోగము, కుటుంబములో ఎందరు అనే ప్రశ్నల తరువాత "స్వరాష్ట్రము" అని ఒక వరుస ఉన్నది. దాని ఎదుట రెండే గడులు. ఒకటి ఆంధ్రప్రదేశ్, రెండవది తెలంగాణ. మనుమళ్ళను వెంటబెట్టుకొని వచ్చిన ఒక వృద్ధ దంపతులు ఆ పత్రము నింపుతూ ఆ వరుస దగ్గర ఆగిపోయినారు.

"అయ్యా, మాది గౌనిపల్లి. కోలారు జిల్లా, శ్రీనివాసపురం తాలూకా. ఈ రెంటిలో ఏ గడిలో గుర్తు పెట్టల్ల?" అని పెద్దాయన అడిగినారు.

"అట్లయితే మీరు కన్నడిగులు గదా! తెలుగు ఇంత చక్కగా ఎట్లా నేర్చుకున్నారండీ?" అన్నాము మేము, మెచ్చుకొంటున్నామనే భ్రమలో.

ఆయన కోపగించుకోలేదు. "నేర్చుకునింది కాదప్పా. మా తాతా ముత్తాతల కాలం నుంచీ మా మాట ఇదే" అని మాత్రము అన్నారు. ఆయన భార్య ఏమీ అనలేదు. ఆ పత్రమును నాలుగు మడతలు వేసి సంచిలో పెట్టుకొన్నారు. పంచాంగ శ్రవణము దాకా ఉండి, భోజనాలకు నిలువకుండా ఇద్దరూ వెళ్ళిపోయినారు.

ఆ తప్పు మాది. ఇంటి మనిషిని పట్టుకొని "మీరు ఎవరింటికి వచ్చినారు?" అని అడిగినంత పని చేసినాము. ఈ ఏటి సంచికకు ఏమైనా వ్రాయుమని కార్యవర్గమువారు అడిగినప్పుడు, ఆ ఊరిని గురించి, ఆ సీమను గురించి తెలుసుకొని వ్రాయుటే తగిన దండుగ అనిపించినది. మాకు తెలియవచ్చినంతలో ఆ చరిత్రను ఇక్కడ పొందుపరచుచున్నాము.

ఊరి ఉనికి

కర్ణాటక పటములో కోలారు జిల్లాకు ఈశాన్యపు మూల శ్రీనివాసపురం తాలూకా ఉన్నది. దాని ఉత్తరపు అంచు, తూర్పు అంచు ఆంధ్రప్రదేశ్‌ను తాకుచున్నవి. ఆ తాలూకాలో, ఉత్తరపు దిక్కున, సరిహద్దుకు చేరువలో ఉన్న పల్లె గౌనిపల్లి. ఒకవైపు మదనపల్లె, ఒకవైపు పుంగనూరు, పడమట చింతామణి, దక్షిణాన కోలారు, ముళబాగిలు. ఈ ఊళ్ళ నడుమ పెండ్లి సంబంధములు, పశువుల బేరములు, సంతలు, జాతరలు ఏ కాలమునుండో కలిసి నడచుచున్నవి. వియ్యపురాలి ఊరికి పోవునప్పుడు రాష్ట్రము దాటితిమని అక్కడివారికి తోచదు. బస్సు టిక్కెట్టు మీది అక్షరములు మారినప్పుడే అది గుర్తుకు వచ్చును.

ఇది సముద్రమట్టానికి రమారమి 2,700 అడుగుల ఎత్తున ఉన్న పీఠభూమి. ఎర్రనేలలు, గుండ్రాళ్ళ గుట్టలు, చింతచెట్లు, కానుగచెట్లు, సీతాఫలపు పొదలు. ఇప్పుడైతే ఎక్కడ చూచినా మామిడి తోపులు. శ్రీనివాసపురం మామిడికాయ పేరు బెంగుళూరు దాటి ఎంతో దూరము పోయినది. కాని ఈ సీమకు ఏడాది పొడుగునా పారే నది లేదు. ఏటికి పడే వాన 30 అంగుళాలకు అటూ ఇటూ. ఈ ఒక్క సంగతిని పాఠకులు మనసులో పెట్టుకొంటే తక్కిన చరిత్ర అంతా దానంతట అదే బోధపడుతుంది. ఏరు లేని చోట ఊరు నిలవాలంటే చెరువు ఉండాలి. చెరువు ఉండాలంటే దానిని కట్టేవాడు, కాచేవాడు, నీళ్ళు పంచేవాడు ఉండాలి.

పేరులోని రెండు భాషలు

ఊరి పేరునే విప్పి చూద్దాము. 'గౌడ' అనే మాట కన్నడ దేశములో ఊరి పెద్దకు పేరు. పాత శాసనములలో ఇది 'గాముండ', 'గావుండ' అని కనిపిస్తుంది. తెలుగువాడు దానికి తన 'డు' చేర్చుకొని 'గౌడు' అన్నాడు. రామునికి, తమ్మునికి వచ్చినట్లే దానికీ 'ని' వచ్చి 'గౌని' ఐనది. గౌని పల్లె అనగా గౌడుయొక్క పల్లె, ఊరి పెద్ద పల్లె అని మేము చదువుకొన్నాము. పదవి కన్నడముది, విభక్తి తెలుగుది. ఈ పేరు పెట్టినవారు రెండు భాషలనూ ఎరిగినవారు, ఇంట మాత్రము తెలుగు మాట్లాడినవారు అని ఊహించుట కష్టము కాదు.

ఇక రెండవ సగము. కన్నడములో పదవ శతాబ్దము మొదలు క్రమముగా మాట మొదటి 'ప'కారము 'హ'కారముగా మారినది. మన పాలు వారికి హాలు, మన పువ్వు వారికి హూవు, మన పల్లి వారికి హళ్ళి. అందువల్లనే బెంగుళూరు చుట్టుప్రక్కల అన్నీ హళ్ళులే. ఆ మార్పు శ్రీనివాసపురం తాలూకా పల్లెలన్నిటినీ తాకలేదు. గౌనిపల్లి, సోమయాజులపల్లి వంటి పేర్లు ఇక్కడ వినిపిస్తవి. ఇంకను ముదిమడుగు, అడ్డగల్లు, రాయల్పాడు, నెలవంకి. వీనిని చదువుచున్నప్పుడు చిత్తూరు, కడప సీమల పల్లెపేర్లు చదివినట్లే ఉండును. తాలూకాకు ముఖ్యపట్టణమైన శ్రీనివాసపురము సైతము మొదట పాపనపల్లియే. మైసూరు దివాను పూర్ణయ్య తన కుమారుడు శ్రీనివాసమూర్తి పేరిట దానికి ఆ పేరు పెట్టించినాడు. పూర్ణయ్య దివానుగా ఉన్నది 1799 నుండి 1811 వరకు. కాబట్టి పాపనపల్లి శ్రీనివాసపురమై రెండు వందల ఏండ్లు దాటినది.

చెరువు కట్టినవాడే ఊరు కట్టినవాడు

ఈ సీమకు పాత పేరు మొరసునాడు. ఇక్కడి గౌడుల కథ ఒకటి లూయీ రైస్ దొర తన మైసూరు గెజెటీరులో ఎక్కించినాడు. ఏడుగురు కాపులు తమ ఆడుబిడ్డను అన్యకులపు అధికారికి ఇచ్చుటకు ఇష్టములేక, కంచి ప్రాంతమునుండి రాత్రికి రాత్రి బండ్లు కట్టుకొని పారిపోయి వచ్చినారట. వరదలో ఉన్న పాలారు ఆ పిల్ల ప్రార్థనకు దారి ఇచ్చినదట. వారు నందిదుర్గానికి తూర్పున రామస్వామి కొండ క్రింద బండ్లు విప్పి, అవతి అనే ఊరు కట్టుకొన్నారు. దేవనహళ్ళి, దొడ్డబళ్ళాపురము, చిక్కబళ్ళాపురము పాళెగాండ్లు వారి సంతతియే. కోలారు దగ్గరి సుగటూరు తిమ్మేగౌడు కూడ ఈ మొరసు ఒక్కలిగుల కోవకు చెందినవాడే. అతడు విజయనగర ప్రభువుల మెప్పు పొంది 'చిక్కరాయలు' అనే బిరుదు సంపాదించినాడు. పుంగనూరు జమీందారులు ఆ బిరుదునే ఇంటిపేరువలె ధరించినారు. కోలారు గౌడునికి, పుంగనూరు రాజావారికి ఉన్న సంబంధమును బట్టి చూచినా ఈ సీమ ఆ సీమ ఒక్కటే.

పాలారు చీలినదో లేదో గాని, ఆ కథలోని బండ్లు మాత్రము నిజము. ఒక కుటుంబము బండి విప్పి, అడవి నరికి, గుట్టల నడుమ పల్లము చూచి, మట్టికట్ట వేసినచోట ఊరు పుట్టినది. శాసనములలో దీనికి సాక్ష్యము చాలా ఉన్నది. చెరువు కట్టించినవానికి, తెగిన కట్టను మరల పోయించినవానికి దాని క్రింది భూమిలో కొంత భాగమును పన్ను లేకుండా అనుభవించు హక్కు ఇచ్చేవారు. తెలుగున దీనిని దశబంధము, దశవందము అన్నారు. కన్నడమున కట్టుకొడగె అన్నారు. కోలారు, కడప సీమలలో ఇట్టి మాన్యములు విరివిగా కనబడుచున్నవి. రాజు ఖజానానుండి రూకలు ఇవ్వలేదు. మట్టి మోసినవానికి మడి ఇచ్చినాడు. అట్లు వందల ఏండ్లపాటు ఊరి తరువాత ఊరు, చెరువు తరువాత చెరువు వెలసి, ఒక చెరువు మరవ పారితే ఆ నీరు క్రింది చెరువుకు చేరునట్లు గొలుసు కట్టుగా అల్లుకొన్నవి. చిక్కబళ్ళాపురము విడిపోకముందు కోలారు జిల్లాలో ఇట్టి చెరువులు నాలుగువేలకు పైబడి ఉండేవి.

ఊరు అనగా ఇండ్ల గుంపు కాదు, పనుల పంపకము. గౌడు లేక పటేలు శిస్తు వసూలు చేసి తగవులు తీర్చేవాడు. శానుభోగు, అనగా మన కరణము, లెక్క వ్రాసేవాడు. తలారి కాపలా కాచేవాడు. తోటి ఊరి పనులకు తిరిగేవాడు. కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి, పంచాంగము చెప్పేవాడు, తోలుపని చేసేవాడు, వీరికందరికి కళ్ళములోనే ధాన్యము కొలిచేవారు. ఈ ఆయగాండ్రలో నీరుగంటి అనేవాడు ఈ సీమకు ప్రాణము. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ కయ్యకు ఎంతసేపు నీళ్ళు విడవాలి, ఏ మడవ ఎప్పుడు మూయాలి అన్నది అతని చేతిలో ఉండేది. పటేలు మడి అయినా నీరుగంటి చెప్పిన వంతు వచ్చినప్పుడే తడవాలి అన్నది కట్టుబాటు. ఈ కట్టుబాటు అందరికీ న్యాయము చేసినదని మేము చెప్పము. తోటిపని, తోలుపని చేసినవారికి చెరువు క్రింద మడి దక్కుట అరుదు, ఊరిబావి నీళ్ళు చేదుకొనే హక్కు అంతకన్న అరుదు. ఊరు నిలచినది వారి చెమట మీదనే గనుక, చరిత్ర వ్రాసేటప్పుడు ఆ మాట దాచరాదు. మైసూరు ప్రభుత్వము 1961లో చట్టము చేసి వంశపారంపర్యపు గ్రామోద్యోగములను రద్దుచేసినది. ఆంధ్రప్రదేశ్‌లో కరణాలు, మునసబుల పద్ధతి పోయినది 1984లో.

మారిన దొరలు

ఈ నేలను ఏలినవారి జాబితా పొడుగైనది. కోలారునకు పాత పేరు కువలాల. గంగరాజులు తమను కువలాలపుర ప్రభువులమని చెప్పుకొన్నారు. ముళబాగిలు దగ్గరి ఆవనిలో నొళంబుల నాటి గుళ్ళు నేటికిని నిలిచి ఉన్నవి. సరిహద్దుకు ఆవలనే, మదనపల్లె చెంతనున్న చిప్పిలి కేంద్రముగా వైదుంబులు రేనాటి సీమను ఏలినారు. తెలుగులో శాసనములు వేయించిన తొలి వంశములలో వారొకరు. పదకొండవ శతాబ్దపు మొదట్లో తంజావూరు చోళులు ఈ సీమను గెలిచినారు. కోలారు కోలారమ్మ గుడిలో వారి శాసనములు ఉన్నవి. చోళులను తరిమినవారు హొయసలులు. ఆ తరువాత విజయనగరము వచ్చినది. కంపరాయలు మధుర మీదికి దండు నడిపినది ముళబాగిలు నుండియే.

విజయనగరము పోయిన వెనుక బిజాపూరువారు వచ్చినారు. కోలారు శివాజీ తండ్రి షాహజీకి జాగీరైనది. 1687లో మొగలులు వచ్చి శిరా సుబా ఏర్పరచినారు. ఆ సుబా క్రింద కోలారు ఫౌజుదారుగా ఉన్న ఫతే మహమ్మదు కొడుకే హైదరాలీ. అతడు పుట్టినది ఈ జిల్లాలోని బూదికోటలో. 1768లో ఇంగ్లీషువారికి, హైదరుకు ముళబాగిలు దగ్గర పెద్ద యుద్ధము జరిగినది. తరువాత మరాఠాలు, మరల ఇంగ్లీషువారు, 1799లో టిప్పు పడిపోయిన వెనుక మైసూరు ఒడయరులు.

ఇందరు దొరలు మారినారు, ఇన్ని దండులు చేలు తొక్కిపోయినవి. పల్లెలో మాత్రము మారనివి రెండు. ఒకటి, చెరువు క్రింద వరి, మెట్టన రాగి. రెండు, ఇంటిలో తెలుగు. దండు వచ్చి ఆవులమందను తోలుకొనిపోతే అడ్డుపడి చచ్చిన మనిషికి ఊరివారు రాయి చెక్కించి నిలిపినారు. అట్టి వీరగల్లులు కోలారు జిల్లాలో లెక్కకు మిక్కిలిగా ఉన్నవి. చదివేవారు లేక కొన్ని గుడి మెట్లైనవి, కొన్ని చాకిరేవు బండలైనవి. రైస్ దొర కోలారు జిల్లా శాసనములను పోగుచేసి 1905లో ఒక సంపుటముగా అచ్చు వేయించినాడు. కన్నడము, తమిళము, తెలుగు, సంస్కృతము అన్నీ కలిసిన ఆ ఒక్క పుస్తకము చాలు, ఈ నేల ఏ ఒక్కరి సొత్తు కాదని తెలియుటకు.

కరువు, గని, రైలు

మన సంఘములో అందరమూ ఏదో ఒక కారణమున ఊరు విడిచినవారమే. ఈ సీమవారు ఊరు విడుచుట ఎన్నడు మొదలైనదో చూద్దాము. 1876 నుండి 1878 వరకు దక్షిణదేశమును పట్టిన ధాతు, ఈశ్వర నామ సంవత్సరముల కరువును మన పెద్దలు కథలుగా చెప్పేవారు. 1871 జనాభా లెక్కలలో మైసూరు సంస్థానపు జనము 50 లక్షల 55 వేలు. పది ఏండ్లకు, 1881లో, 41 లక్షల 86 వేలు. పుట్టినవారిని కూడ కలుపుకొని ఇది లెక్క. చెరువులు ఎండిన కోలారు సీమ ఆ దెబ్బను గట్టిగా తిన్న ప్రాంతములలో ఒకటి.

ఆ కరువు మాసిపోకముందే కోలారు బంగారు గనులు తెరుచుకొన్నవి. 1880 తరువాత జాన్ టేలరు కంపెనీవారు ప్రాతగుంటలను లోతుగా తవ్వించి బంగారము తీయించినారు. ఉత్తర ఆర్కాడు, చిత్తూరు, కోలారు పల్లెలనుండి తమిళులు, తెలుగువారు వేలకు వేలు పోయి అక్కడి తడికెల గుడిసెలలో కాపురములు పెట్టినారు. 1902లో శివసముద్రము జలపాతమునుండి గనులకు విద్యుత్తు వచ్చినది. భూమిలోనికి పదివేల అడుగులకు పైగా దిగి పనిచేసిన ఆ కూలీల బిడ్డలలో ఎందరో నేడు మనవలెనే పరాయి ఊళ్ళలో స్థిరపడినారు. 1956లో గనులు ప్రభుత్వపరమైనవి. 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి.

రైలు సంగతి కూడ చెప్పవలెను. 1913లో బౌరింగుపేట, అనగా నేటి బంగారుపేట, నుండి కోలారుకు చిన్న పట్టాల రైలు వేసినారు. దానిని తరువాత శ్రీనివాసపురము, చింతామణి మీదుగా చిక్కబళ్ళాపురమునకు పొడిగించినారు. ఆ బుల్లి రైలు పల్లెవానికి బెంగుళూరును చూపించినది. 2013లో అదే దారిన పెద్ద పట్టాల రైలు నడచినది. మామిడిబుట్టలు, పట్టుగూళ్ళు, చదువుకొన్న పిల్లలు, అందరూ పోయినది బెంగుళూరికే. మదనపల్లె దగ్గర, బెంగుళూరు బలము. పల్లె ముఖము ఎటు తిరిగినదో ఇక చెప్పనక్కరలేదు.

గీతలు గీసిన సంవత్సరములు

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు కోలారు జిల్లా మైసూరులోనే ఉండిపోయినది. 1955లో ఫజల్ అలీ అధ్యక్షతన రాష్ట్ర పునర్విభజన సంఘము తన నివేదిక ఇచ్చినది. ఆనాటికి కోలారు జిల్లాలో తెలుగు మాతృభాషగా గలవారు సగానికి పైబడి ఉన్నారు. ఐనను జిల్లా మైసూరులోనే నిలిచినది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ పుట్టినది, మైసూరు రాష్ట్రము పెద్దదైనది. 1973 నవంబరు 1న దానికి కర్ణాటక అని పేరు వచ్చినది. 2007లో కోలారునుండి చిక్కబళ్ళాపురము వేరు జిల్లా ఐనది. ఆవలి గట్టున మదనపల్లె 1911 వరకు కడప జిల్లాలో ఉండి, ఆపైన చిత్తూరు జిల్లాలోనికి, 2022లో అన్నమయ్య జిల్లాలోనికి వచ్చినది. ఇన్ని గీతలు మారుచుండగా గౌనిపల్లి కదలలేదు.

ఇది చెప్పుట ఎవరిమీదనో ఫిర్యాదు చేయుటకు కాదు. గౌనిపల్లివారు కన్నడనాటి బిడ్డలమనే చెప్పుకొంటారు, అది న్యాయము. ఆ సీమ తెలుగు ఇండ్లవారు కన్నడమునకు తక్కువ సేవ చేయలేదు. ఆనాటి కోలారు జిల్లా ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారి పూర్వులు మన గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండమునుండి పోయినవారు. మైసూరు ఆయనను తన బిడ్డగానే చూచుకొన్నది. కైవారము నారాయణప్పగారు తెలుగులోను కన్నడములోను తత్త్వములు చెప్పినారు. వినేవారికి ఏ భాష ఎక్కడ ముగిసినదో పట్టింపు లేకపోయినది. ఒక రాష్ట్రమునకు పౌరుడై మరొక భాషకు బిడ్డయగుట వారికి ఇబ్బంది కాలేదు. ఇబ్బంది పడినది మా పత్రములోని గడులే.

నోటనున్న తెలుగు

ఆ సీమ తెలుగు వినవలసినది. వేరుశనగలు వారికి చెనిక్కాయలు. చిక్కుడు జాతి గింజలు అనపకాయలు. బంగాళాదుంప ఉర్లగడ్డ. పొలము గట్టు గెనిమ. చెరువు అలుగు మరవ. వరిమడి కయ్య. త్వరగా రమ్మనుటకు బిరీన రమ్మంటారు. 'పోవల్ల', 'చేయల్ల' అంటారు. ఇది చిత్తూరు తెలుగే. కచేరికి పోవునప్పుడు పహణి, పనికి పోవునప్పుడు కెలసము అని కన్నడపు మాటలు కలుస్తవి. ఉగాదినాడు వేపపువ్వు, బెల్లము కలిపి నోట వేసుకొని, ఒబ్బట్లు తిని, మరునాడు వర్షతొడకు అని మాంసపు విందు చేసుకొంటారు. గంగమ్మ జాతరకు ఆడవారు బియ్యపుపిండి, బెల్లముతో చేసిన తంబిట్టు దీపములను తలమీద పెట్టుకొని ఊరేగింపుగా పోతారు.

ఇక్కడ మన కుటుంబములు ఆలోచింపవలసిన సంగతి ఒకటి ఉన్నది. గౌనిపల్లి వంటి ఊళ్ళలో పిల్లలు తెలుగు మాట్లాడుతూ ఇంటినుండి బయలుదేరి బడిలో కన్నడము చదువుతారు. శిస్తు రసీదు కన్నడము, బస్సు పలక కన్నడము, రేషను చీటి కన్నడము. తెలుగు అక్షరము కంట పడుటయే అరుదు. ఐనను తరములు గడచినా ఆ భాష నోట నిలిచినది. ఎట్లా నిలిచినది? అమ్మమ్మ అదే మాటలో తిట్టినది, నీరుగంటి అదే మాటలో వంతు చెప్పినాడు, ఎద్దును అదే మాటలో అదిలించినారు. పని ఉన్నచోట మాట ఉన్నది. మనము ఆదివారము ఆదివారము పిల్లలకు అక్షరమాల నేర్పించుచున్నాము, మంచిదే. కాని ఆ అక్షరములు దిద్దిన పిల్లవాడు ఇంటికి వచ్చి ఏ పనికి తెలుగు వాడుతున్నాడు? అక్షరములేక మాట నిలుపుకొన్నవారిని చూచి, అక్షరముండి మాట జారవిడుచుకొంటున్న మనము నేర్చుకోవలసినది ఉన్నది.

అట్లని వారి తెలుగుకు ప్రమాదము లేదనుకొనరాదు. పని పోతే మాట కూడ పోతుంది. కోలారు చెరువులు చాలవరకు పూడినవి. బావులు ఎండి, గొట్టపుబావులు వెయ్యి అడుగులు దాటి దిగినవి. 2018లో బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోలారు జిల్లా చెరువులకు తోలుట మొదలుపెట్టినారు. ఎండిన చెరువులు కొన్ని నిండినవి, ఆ నీటి మంచిచెడ్డలను గురించి వాదములు కూడ లేచినవి. ఒకప్పుడు చెరువు నీళ్ళు త్రాగి పెరిగిన పిల్లలు బెంగుళూరుకు పోయినారు. ఇప్పుడు బెంగుళూరు వాడిన నీళ్ళు ఆ చెరువులకు వచ్చినవి. తూము ఎత్తే నీరుగంటి లేనప్పుడు మరవ, మడవ, కయ్య అనే మాటలు ఎవరి నోట మిగులును? ఏ గుట్టకు ఏ పేరు, ఏ చేనుకు ఏ పేరు, కట్టమీది రాయి ఎవరి జ్ఞాపకార్థము నిలిపినారు అనునది ఇప్పుడు ముసలివారి తలలలో మాత్రమే ఉన్నది. రాజుల చరిత్ర రాళ్ళమీద దొరుకును. పల్లె చరిత్ర ఆ తలలలో తప్ప మరెక్కడా దొరకదు.

మా విన్నపము

కావున సభ్యులందరికీ మా విన్నపము. ఈ వేసవిలో ఊరికి పోయినవారు, అది గౌనిపల్లి కానిండు, గుంటూరు సీమ కానిండు, పాలమూరు కానిండు, ఒక చిన్న పుస్తకము వెంట తీసుకొని పోవలెను. మీ ఇంటి పెద్దలను కూర్చోబెట్టి చెరువు పేరు, తూముల పేర్లు, చేల పేర్లు, ఊరి దేవర పేరు, ఊరికి మొదట వచ్చినవారిని గురించి చెప్పుకొనే కథ వ్రాసుకొని రావలెను. పిల్లలచేతనే వ్రాయించినచో మరీ మంచిది. ప్రక్కన అమ్మమ్మ చెప్పుచుండగా వ్రాసిన తెలుగు ఏ వాచకములోను దొరకదు. అట్లు వచ్చినవానిని రాబోవు సంచికలలో కొంచెము కొంచెముగా అచ్చు వేయుదము.

రెండవ సంగతి. ఈ సంవత్సరపు సభ్యత్వ పత్రములో "స్వరాష్ట్రము" అనే వరుసను, దానితో పాటు ఆ రెండు గడులను తీసివేయించినాము. దాని స్థానములో "మీ ఊరు" అని ఒకే మాట, దాని ఎదుట పొడుగాటి గీత ఉన్నవి. గౌనిపల్లి పెద్దలు ఈ ఉగాదికి దయచేయవలెనని మేము స్వయముగా వారి ఇంటికి పోయి పిలిచి వచ్చినాము. పెద్దాయన, "వస్తాములే అప్పా" అన్నారు. ఆమె లోపలికి పోయి, సంచిలో ఏడాదిగా దాచి ఉంచిన పాత పత్రమును తెచ్చి మా చేతిలో పెట్టినారు. అందులో తక్కిన వరుసలన్నీ చక్కని అక్షరములతో నింపి ఉన్నవి. వ్రాసినది కన్నడ లిపిలో. కూడబలుక్కొని పైకి చదివి చూస్తే ప్రతి మాట తెలుగే.